అరటిపండ్ల వర్తకమునుండి ఔషధముల పరిశోధనకు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు జీవితము



ప్రభువు శిష్యులలో మత్తయి సుంకము వసూలుచేసి లెక్కలు వ్రాసికొనిన మనుష్యుడు. పౌలుతో కూడ ప్రయాణములు చేసిన లూకా వైద్యుడు. ఒకడు డబ్బు లెక్క తెలిసినవాడు. మరియొకడు దేహపు బాధ తెలిసినవాడు. ఇద్దరి మూలముగను మనకు సువార్తలు వచ్చినవి. అయితే ఒక్క మనుష్యుడే మొదట డబ్బు మార్గమున బయలుదేరి, పిమ్మట వైద్యుని మార్గమునకు తిరిగినయెడల మన ఇండ్లలో ఏమందుము? తండ్రి కోపపడును. తల్లి దిగులుపడును. ఉన్న చదువు పాడుచేసికొనెనని ఇరుగుపొరుగువారు చెప్పుకొందురు.

ఇది వట్టి ప్రశ్న కాదు. మన ముంచింగిపుట్టు మండలములోని పిల్లలు పాడేరునకును, అరకునకును, విశాఖపట్నమునకును పోయి చదువుకొనుచున్నారు. వారిలో కొందరు వాణిజ్యశాస్త్రము తీసికొందురు, దుకాణమో బ్యాంకు ఉద్యోగమో త్వరగా చేతికి వచ్చునని. పిదప ఎవరో ఒకరికి, ఊరిలో డోలీమీద మోసికొనిపోవు రోగిని చూచియో, ఇంటిలో ఒకరిని పోగొట్టుకొనియో, మనస్సు వైద్యము వైపు తిరుగును. అట్టివారిని మనము ఏమి చేయవలెను? ఈ నెల మేము ఒక తెలుగువాని జీవితమును మీ ముందు పెట్టుచున్నాము. ఆయన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన మన సంఘమువాడు కాడు. హిందూ కుటుంబమున పుట్టి, రామకృష్ణ మఠమువారియందు భక్తి కలిగి జీవించినవాడు. ఆయనను మనవానిగా చెప్పుకొనవలెనని మేము ఇది వ్రాయుట లేదు. దారిలో పడియున్నవాని గాయములు కట్టిన సమరయుడు యూదుల సమాజమందిరమునకు చెందినవాడు కాకపోయినను, ప్రభువు అతనినే మాదిరిగా చూపెను గదా. ఆ భావముతోనే దీనిని చదువవలెనని కోరుచున్నాము.

కాశీకి బయలుదేరిన బాలుడు

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో పుట్టెను. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో పనిచేసిరి. తల్లి వెంకమ్మగారు. పిల్లలు అనేకులు, రాబడి తక్కువ. తండ్రి ఆరోగ్యము చెడిపోవుటచేత ఇంటిలో ఇబ్బంది ఇంకను పెరిగెను.

13 ఏండ్ల వయస్సులో ఈ బాలుడు ఒక ఆలోచన చేసెను. కాశీకి ప్రతిదినము వేలకొలది యాత్రికులు వచ్చుచుందురు. వారికి అరటిపండ్లు అమ్మినయెడల బాగుగా డబ్బు కూడబెట్టవచ్చును. ఇంత తేలికైన సంగతి పెద్దలకు ఎందుకు తోచలేదో! ఇట్లు తలంచి, చుట్టపు పిల్లవానిని ఒకనిని వెంటబెట్టుకొని, ఇంటిలో చెప్పకుండ బయలుదేరెను. పెద్దలు వెదకి పట్టుకొని ఇంటికి తీసికొనివచ్చిరి. ఆ వర్తకము ఆరంభము కాకముందే ముగిసెను.

మన సంతలో పసుపు, అల్లము, అనాసపండ్లు అమ్ముకొనువారు ఈ సంగతి విని నవ్వుకొందురు. పండు కొనుటయు, మోయుటయు, కుళ్లకముందే అమ్ముటయు ఎంత కష్టమో వారికి తెలియును. అయినను ఆ బాలుని మనము తప్పుపట్టకూడదు. ఇంటిలో లేమి చూచిన పిల్లవాడు డబ్బు తేవలెనని తలంచుట దోషము కాదు. వాని హృదయములో ఉన్న కోరిక మంచిదే. దానికి మార్గము మాత్రము ఇంకను దొరకలేదు.

తల్లి పట్టుదల

రాజమహేంద్రవరములో అతని చదువు సరిగా సాగలేదు. ఇంటిలో మరణములు, రోగములు, అప్పులు. మెట్రిక్యులేషను పరీక్షలో ఒకసారి తప్పెను, రెండవసారియు తప్పెను. తండ్రియు గతించెను. ఇక వీనికి చదువెందుకని తల్లి అనుకొనియుండినయెడల ఎవరును ఆమెను తప్పుపట్టరు. కాని వెంకమ్మగారు తన నగలు అమ్మి కుమారుని చెన్నపట్టణమునకు పంపెను. అక్కడ తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, మూడవసారి అతడు ఉత్తీర్ణుడాయెను.

మూడవసారి! ఈ మాటను మన పిల్లలును, వారి తలిదండ్రులును జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కాలమున లోకమంతటికి మందులు కనుగొన్న మనుష్యుడు పదవ తరగతి వంటి పరీక్షలో రెండుమార్లు తప్పినవాడు. పరీక్ష తప్పిన దినమున అతని జీవితపు విలువను తూచినయెడల ఏమి తేలియుండును? తల్లి ఒక్కతె వేరొక తూకముతో తూచెను.

పిమ్మట అతడు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివెను. ఆ దినములలో అతనికి సన్యసించి రామకృష్ణ మఠములో చేరవలెనని కోరిక పుట్టెను. ధనము కొరకు కాశీకి పోవలెనన్న బాలుడు ఇప్పుడు ధనమే వద్దని కాషాయము కోరుచుండెను. తల్లి ఒప్పుకొనలేదు. మఠములోని పెద్దలును తల్లి సమ్మతి లేనిదే చేర్చుకొనక, వైద్యము చదువుమనియు, రోగులకు చేయు సేవయు సేవయే అనియు బోధించిరి. అతడు వారి మాట విని 1915లో చెన్నపట్టణపు వైద్య కళాశాలలో చేరెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడు. అతడు నేరుగా వైద్యమును కోరుకొన్నవాడు కాడు. మొదటి తలుపు వర్తకము, అది మూయబడెను. రెండవ తలుపు సన్యాసము, అదియు మూయబడెను. తెరువబడినది మూడవది. అపొస్తలుల కార్యముల గ్రంథము 16వ అధ్యాయములో పౌలు ఒక దేశమునకు పోదలచి ఆటంకపరచబడి, మరియొక దేశమునకు పోదలచి మరల ఆటంకపరచబడి, కడకు మాసిదోనియకు నడిపింపబడెను. మూయబడిన తలుపులు కూడ దారి చూపునని మనము ఆ అధ్యాయమునుండి నేర్చుకొనుచున్నాము.

ఖద్దరు అంగీ, రెండు మరణములు

వైద్యపు చదువునకు కావలసిన డబ్బు ఇంటిలో లేదు. స్నేహితులు కొంత సహాయము చేసిరి. అనపర్తి కాపురస్థులైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఎక్కువగా ఆదుకొనిరి. ఆయన కుమార్తె శేషగిరిగారిని సుబ్బారావు 1919లో వివాహము చేసికొనెను.

అవి స్వాతంత్ర్య ఉద్యమపు దినములు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఆసుపత్రిలో శస్త్రచికిత్స సమయమున ధరించు అంగీని ఖద్దరుతో కుట్టించుకొని తొడిగెను. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది నచ్చలేదు. సుబ్బారావు పరీక్షలు బాగుగా వ్రాసినను, అతనికి ఎం.బి.బి.యస్. పట్టము రాక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే ఇయ్యబడెను. ఆ కారణముచేత ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమును దొరకలేదు. ఒక గుడ్డముక్క కొరకు ఇంత నష్టమా అని లోకజ్ఞానము అడుగును. అతడు మాత్రము ఆ గుడ్డను విడువలేదు.

అయితే దానికంటె గొప్ప నష్టము ఇంటిలోనే కలిగెను. స్ప్రూ అను జబ్బు ఆ కాలమున మన దేశములో అనేకులను చంపుచుండెను. తిన్న అన్నము ఒంటబట్టదు, విరేచనములు ఆగవు, నోరు పూయును, రక్తము నీరైపోవును, మనిషి క్రమముగా చిక్కి మరణించును. ఈ జబ్బుచేత సుబ్బారావు సహోదరులిద్దరు ఎనిమిది దినముల వ్యవధిలో చనిపోయిరి. ఒక తల్లికి ఎనిమిది దినములలోనే ఇద్దరు కుమారులు! పిమ్మట సుబ్బారావునకు కూడ ఆ జబ్బే పట్టెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు ఆయుర్వేద ఔషధములిచ్చి అతనిని బ్రదికించిరి. అటుతరువాత అతడు చెన్నపట్టణములో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించుచుండెను.

అల్లోపతి చదివిన వైద్యుడు ఆయుర్వేదముచేత బ్రదికెను. ఏ మందులో ఏమున్నది, అది దేహములో ఏమి చేయును, తన సహోదరులను చంపిన జబ్బునకు మూలమేమి అను ప్రశ్నలు అతనిని విడువలేదు. రోగిని చూచి మందు ఇచ్చుట ఒక పని. మందే లేని రోగమునకు మందు వెదకుట మరియొక పని. ఈ రెండవ పనికై అతడు అమెరికాకు పోవ నిశ్చయించుకొనెను.

ప్రయాణపు ఖర్చు ఎవరిచ్చిరి? మామగారు కొంత కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సహాయము చేయుదునని మాట ఇచ్చెను. సత్యలింగ నాయకరుగారు వర్తకము చేసి గొప్ప ధనము సంపాదించి, దానిని చదువులకును ధర్మములకును విడిచిపెట్టినవారు. వర్తకుడు కాలేకపోయిన సుబ్బారావునకు ఒక వర్తకుని ధనము తోడుపడెను. కాబట్టి వర్తకమును ఎవరును చులకన చేయకూడదు. న్యాయముగా సంపాదించి, ధారాళముగా ఇచ్చిన వర్తకుడు కూడ రోగి మంచమునొద్ద నిలిచియున్నట్లే.

ఆసుపత్రిలో రాత్రి పని

1920ల తొలి సంవత్సరములలో సుబ్బారావు బోస్టన్ నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల రోగముల చదువులో ప్రవేశించెను. చేతిలో డబ్బు చాలదు. అక్కడ వైద్యము చేయుటకు అనుమతియు లేదు. అందుచేత పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసెను. రోగుల మలమూత్రపు పాత్రలు ఎత్తి కడుగుట ఆ పనిలోనిదే. వైద్యుడైయుండి, బ్రాహ్మణ కుటుంబమున పుట్టియుండి, పరదేశములో ఆ పని చేసెను. ప్రభువు తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగిన సంగతి చదువు మనకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పగటివేళ అతడు సైరస్ ఫిస్కే అను ఆచార్యునియొద్ద జీవరసాయనశాస్త్ర పరిశోధన చేసెను. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతి వారిద్దరి పేర్లతోనే లోకములోని ప్రయోగశాలలన్నిటికి వ్యాపించెను. 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వారు వెల్లడిచేసిరి. జర్మనీ దేశమున లోమన్ అను శాస్త్రజ్ఞుడు కూడ అదే సంవత్సరము వేరుగా ఎ.టి.పి.ని కనుగొనెను.

ఈ ఎ.టి.పి. యనగా ఏమి? మన ప్రాంతమువారికి సులభముగా చెప్పవచ్చును. మన ప్రక్కనే మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రము 1955 నుండి పనిచేయుచున్నది. కొండమీదినుండి పడు నీటి బలము అక్కడ విద్యుత్తుగా మారి, తీగెలవెంట పోయి, ఎక్కడో ఒక ఇంటిలో దీపము వెలిగించును. నీటిని తెచ్చి దీపములో పోసినయెడల వెలుగదు గదా. అట్లే మనము త్రాగిన రాగి అంబలి నేరుగా కాలిని కదపదు. దేహము ఆ ఆహారపు బలమును ఎ.టి.పి.గా మార్చి, కండరమునకు అందించును. మీరు కట్టెల మోపు నెత్తినబెట్టుకొని కొండ ఎక్కు ప్రతి అడుగును దాని బలముచేతనే పడుచున్నది.

1930లో సుబ్బారావు హార్వర్డులో పిహెచ్.డి. పట్టము పొందెను. అయినను అక్కడ స్థిరమైన ఆచార్య పదవి అతనికి దొరకలేదు. మరల ఒక తలుపు మూయబడెను. 1940లో అతడు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొలది కాలమునకు అక్కడి పరిశోధన అంతటికి అధిపతి యాయెను. లెడర్లీ ఒక మందుల వ్యాపారసంస్థ. వర్తకము విడిచిన బాలుడు నడివయస్సులో వర్తకపు ఇంటికే వచ్చెను. అయితే ఇప్పుడు లాభము వెదకుటకు కాదు, మందులు వెదకుటకు.

ఎనిమిది సంవత్సరముల పంట

అక్కడ అతడు బ్రదికినది ఎనిమిది సంవత్సరములే. ఆ కాలములో అతని నాయకత్వమున వెలువడిన మందులను గూర్చి క్లుప్తముగా చెప్పెదము.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో మిల్లు కూలీలైన గర్భిణీ స్త్రీలను పరీక్షించి, వారి రక్తహీనత ఒక విధమైన ఆహారలోపమువలన కలుగుచున్నదనియు, ఈస్టు సారముచేత నయమగుచున్నదనియు చూపెను. ఆ సారములోని అసలు పదార్థమేదో ఎవరికిని తెలియదు. అది పశువుల కాలేయములోను, ఆకుకూరలలోను ఉన్నది, కాని మిక్కిలి స్వల్పముగా ఉన్నది. సుబ్బారావును అతని క్రింద పనిచేసిన అనేకులైన రసాయనశాస్త్రజ్ఞులును సంవత్సరములకొలది శ్రమించి దానిని శుద్ధిచేసి, దాని నిర్మాణము తెలిసికొని, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేయగలిగిరి. స్ప్రూ రోగులకు దానిని ఇచ్చినప్పుడు వారి రక్తము వృద్ధియగుటను ఆ సంవత్సరములలోనే వైద్యులు చూచిరి. సహోదరులను పోగొట్టుకొనిన జబ్బునకు సుబ్బారావు చేతులమీదుగానే మందు వచ్చెను. సహోదరులు తిరిగి రాలేదు. కాని ఇతరుల సహోదరులు బ్రదికిరి.

రెండవది హెట్రజాన్ అను బోదకాలు మందు. రెండవ ప్రపంచయుద్ధములో పసిఫిక్ ద్వీపములలోని అమెరికా సైనికులకు బోదజబ్బు సోకెను. లెడర్లీవారు అనేక పదార్థములు పరీక్షించి 1947లో ఈ మందును ప్రకటించిరి. దానినే డి.ఇ.సి. మాత్ర అందురు. బోదకాలు ఉన్న జిల్లాలలో ప్రభుత్వమువారు ఇంటింటికి వచ్చి మ్రింగించు మాత్రలలో ఇది నేటికిని ఉన్నది.

మూడవది రక్తపు క్యాన్సరు మందు. ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్ అను పదార్థమును లెడర్లీవారు తయారుచేసిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని రక్తక్యాన్సరుతో మరణించుచున్న 16 మంది పిల్లలకు ఇయ్యగా, 10 మందికి తాత్కాలికముగా నెమ్మది కలిగెనని 1948 జూనులో ప్రకటించెను. అంతకుమునుపు ఆ జబ్బునకు ఏ మందును లేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటును వైద్యులు నేటికిని వాడుచున్నారు.

నాలుగవది ఆరియోమైసిన్. డెబ్బది ఏండ్లు దాటి, విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి తీసికొనిన వృక్షశాస్త్ర ఆచార్యుడైన బెంజమిన్ డగ్గర్ సుబ్బారావు విభాగములో పనిచేయుచు, మట్టిలోని సూక్ష్మజీవినుండి బంగారువన్నెగల ఈ మందును కనుగొనెను. ఇది 1948లో ప్రకటింపబడెను. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబములో ఇది మొదటిది. స్క్రబ్ టైఫస్ జ్వరమునకు నేడు మన ఆసుపత్రులలో ఇచ్చు డాక్సీసైక్లిన్ ఆ కుటుంబములోనిదే.

ఆ 1948 ఆగస్టులోనే ఒక రాత్రి నిద్రలో గుండె ఆగి డాక్టరు సుబ్బారావు మరణించెను. వయస్సు 53 సంవత్సరములు. నోబెల్ బహుమానము రాలేదు. స్వదేశములో ఆయన పేరు ఎరిగినవారు అప్పుడు కొద్దిమందియే. 1995లో, ఆయన పుట్టిన నూరేండ్లకు, భారత ప్రభుత్వము ఆయన జ్ఞాపకార్థము తపాలా బిళ్ల వెలువరించెను.

తీరని లెక్క

ఇంతటితో ముగించినయెడల మేము సగము సంగతియే చెప్పినవారమగుదుము. సుబ్బారావు అమెరికాకు పోవునప్పుడు శేషగిరిగారు చిన్నవయస్సులో ఉండిరి. ఆయన వెళ్లిన తరువాత ఆమెకు కుమారుడు పుట్టి, పసితనములోనే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. ఆయన తిరిగి స్వదేశమునకు రానేలేదు. ఆమె మరల ఆయనను చూడలేదు. పాతికేండ్ల నిరీక్షణకు ముగింపుగా మరణవార్త వచ్చెను.

గొప్పవారి జీవితములు వ్రాయువారు ఇటువంటి సంగతిని ఒక్క వాక్యములో దాటిపోవుదురు. మేము దాటిపోలేకున్నాము. మన గ్రామములలోను పనికై దూరదేశములకు పోయినవారి భార్యలు కలరు. ప్రతి సాయంకాలము త్రోవ చూచువారు కలరు. లోకమునకు మేలు జరిగెను గనుక ఆ దుఃఖము దుఃఖము కాదని ఎవరు చెప్పగలరు? అది సరియేనని గాని, తప్పని గాని తీర్పు చెప్పుట మా పని కాదు. అయితే ఆ మందుల వెల ఎవరెవరు చెల్లించిరో జ్ఞాపకముంచుకొనుట మన విధి.

మత్తయి సువార్త 13వ అధ్యాయములో ముత్యముల వర్తకుని ఉపమానమున్నది. అమూల్యమైన ఒక్క ముత్యము కొరకు అతడు తనకున్నదంతయు అమ్మివేసెను. సుబ్బారావు జీవితమును చూచునప్పుడు మాకు ఆ ఉపమానము జ్ఞప్తికి వచ్చినది. కాని ఒక భేదముతో. ఇక్కడ అమ్మినవాడు ఒక్కడే కాడు. తల్లి తన నగలు అమ్మెను. మామ తన ధనము ఇచ్చెను. పేరెరుగని ప్రయోగశాల పనివారు తమ రాత్రులు ఇచ్చిరి. శేషగిరిగారు అందరికంటె ఎక్కువ ఇచ్చిరి. ఆమెను ఎవరును అడుగనైన లేదు. ఒక్క మనుష్యుని పిలుపు వెనుక ఇందరి త్యాగమున్నది. కాబట్టి ఏదైన గొప్ప పనికి బయలుదేరు యౌవనస్థులారా, మీ వెనుక నిలిచి వెల చెల్లించువారిని మరువకుడి. వారికి ఉత్తరము వ్రాయుడి, ఫోను చేయుడి, తిరిగి రండి.

మన చేతిలోని మాత్ర

ఇప్పుడు మన సంగతికి వత్తము. ఆశా కార్యకర్తయో, ఏ.ఎన్.ఎం. అమ్మయో గర్భిణీ స్త్రీలకు ఇచ్చు ఎఱ్ఱని మాత్రను మీరు ఎరుగుదురు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉన్నవి. నాలుగవ నెలనుండి దినమునకొకటి చొప్పున 180 దినములు మ్రింగవలెను. కాన్పు తరువాత మరి 180 దినములు. గర్భము నిలిచిన తొలి వారములలో ఫోలిక్ ఆమ్లము చాలినంత ఉన్నయెడల బిడ్డకు వెన్నెముకలోని లోపములు చాలవరకు తప్పునని 1991లో పెద్ద పరీక్షవలన రుజువైనది. మన కొండ ప్రాంతములలో సికిల్ సెల్ అను రక్తపు జబ్బు కొన్ని కుటుంబములలో ఉన్నది. ఆ రోగులకు వైద్యులు ప్రతిదినము ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఇచ్చెదరు.

అయితే మన ఇండ్లలో ఈ మాత్రలు చూరులో చెక్కి మరచిపోవుట మేము ఎరుగుదుము. కడుపులో త్రిప్పునని కొందరు, మలము నల్లగా వచ్చెనని కొందరు మానివేయుదురు. ఇనుమువలన మలము నల్లబడుట సహజము; భయపడనక్కరలేదు. ఖాళీ కడుపున పడనివారు అన్నము తిన్న కొంతసేపటికి వేసికొనవచ్చును. టీతో కలిపి మాత్రము వేసికొనకూడదు. సికిల్ సెల్ పరీక్ష చేయువారు గ్రామమునకు వచ్చినప్పుడు తప్పించుకొనక రక్తమిచ్చి పరీక్ష చేయించుకొనుడి. ఒక మనుష్యుడు ఇంటిని, భార్యను విడిచి, మరియొక తల్లి కుమారులిద్దరిని పోగొట్టుకొని, దొరికిన మాత్ర ఇది. దీనిని చూరులో పెట్టుట కృతజ్ఞత కాదు.

కడపట పిల్లల చదువును గూర్చి. వైద్యము చదువగోరువారు ఇంటర్మీడియట్ స్థాయిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఇంగ్లీషును ఉత్తీర్ణులై, నీట్ పరీక్ష వ్రాయవలెను. వేరొక గ్రూపు తీసికొనినవారు కూడ ఈ విషయములను గుర్తింపుగల బోర్డునుండి అదనపు విషయములుగా చదివి ఉత్తీర్ణులైనయెడల నీట్ వ్రాయవచ్చునని జాతీయ వైద్య కమిషను 2023లో ప్రకటించెను. పాడేరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో ఆరంభమైనది. మార్గము కష్టమే, కాని మూయబడలేదు.

కాబట్టి ఒక కుమారుడో కుమార్తెయో ఒక చదువు విడిచి మరియొక చదువు కోరినప్పుడు, తలిదండ్రులారా, వెంటనే కోపపడకుడి. ఎందుకు తిరుగుచున్నావని నెమ్మదిగా అడుగుడి. ఆ కోరిక ఒక దినపు ఉత్సాహమా, లేక ఏదైన గాయమునుండి పుట్టినదా అని కనిపెట్టుడి. గాయమునుండి పుట్టిన కోరిక త్వరగా ఆరిపోదు. లెక్కలు నేర్చినవాడు వైద్యుడైనయెడల ఆ లెక్కలు వ్యర్థము కావు. మత్తయి కలము వ్యర్థము కాలేదు గదా. అట్లని ప్రతివాడును వైద్యుడు కావలెనని మేము చెప్పుట లేదు. ధర్మముగా కొలిచి అమ్ము వర్తకుడును, జాగ్రత్తగా లెక్క వ్రాయు గుమాస్తాయు మనకు కావలెను. ఏ పనికి పిలువబడినను, అది తన సంచి నింపుకొనుటకు మాత్రమే కాక పొరుగువాని బ్రదుకు కొరకు కూడ అయినయెడల, ఆ పని మంచిదే.

వచ్చే ఆదివారము మన సంఘములలో గర్భిణీ స్త్రీలను, రోగులను, దూరమున చదువుచున్న మన పిల్లలను పేరుపేరున ప్రార్థనలో జ్ఞాపకము చేసికొందము. వారికై ఇంటియొద్ద కనిపెట్టుకొనియున్నవారిని కూడ అదే ప్రార్థనలో చేర్చుదము.